వయొలిన్ ఎక్కడుంది? క్యూబిస్టు స్టిల్ లైఫ్‌లో వస్తువు ముక్కలైన తీరు

న్యూయార్క్‌లోని గుగెన్‌హైమ్ మ్యూజియంలో జార్జ్ బ్రాక్ 1909లో వేసిన ‘వయొలిన్, పాలెట్’ అనే తైలవర్ణ చిత్రం ఉంది. నిలువుగా, సన్నగా ఉండే ఆ కాన్వాస్ ఎత్తు సుమారు 92 సెంటీమీటర్లు, వెడల్పు అందులో సగానికి లోపే. కింది భాగంలో ఒక వయొలిన్ కనిపిస్తుంది. కదులుతున్న నీటిలో దాని నీడను చూస్తున్నట్టు, నడుము విరిగి, మెడ పక్కకు జరిగి, అంచులు చుట్టూ ఉన్న పలకల్లో కలిసిపోయి ఉంటాయి. దానికి పైన, స్వరాలు రాసిన కాగితాలు మడతలు మడతలుగా లేస్తుంటాయి. అన్నిటికంటే పైన, చిత్రకారుడు రంగులు కలుపుకునే పలక ఒక మేకుకు వేలాడుతుంటుంది. ఆ మేకును మాత్రం బ్రాక్ ముక్కలు చేయలేదు. పాతకాలపు నిపుణులు వేసినట్టే, అది గోడలోంచి ముందుకు పొడుచుకొచ్చినట్టు, దాని నీడ పక్కన పడుతున్నట్టు వేశాడు.

ఈ మేకు చిన్న విషయం కాదు. క్యూబిస్టు చిత్రాలను మొదటిసారి చూసేవారికి రెండు అనుమానాలు కలుగుతాయి. ఉన్నది ఉన్నట్టు వేయడం వీరికి చేతకాదేమోనన్నది ఒకటి, వస్తువులను పనిగట్టుకుని పాడుచేస్తున్నారేమోనన్నది రెండోది. మొదటి అనుమానానికి ఆ మేకే సమాధానం. దాన్ని అలా వేయగలిగినవాడు వయొలిన్‌ను ఇలా ఎందుకు వేశాడన్న ప్రశ్న మాత్రం మిగులుతుంది. ఈ వ్యాసం ఆ ప్రశ్నను వెంబడిస్తుంది.

మూడు మాటలు, వాటి చుట్టూ ఉన్న చిక్కు

స్టిల్ లైఫ్ అంటే కదలని వస్తువుల చిత్రణ: బల్ల మీది పళ్లు, గిన్నెలు, సీసాలు, పూలు, పుస్తకాలు, వాయిద్యాలు. క్యూబిజం అంటే 1907 నుంచి 1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలయ్యే వరకు పారిస్‌లో పాబ్లో పికాసో, జార్జ్ బ్రాక్ దాదాపు ఉమ్మడిగా రూపొందించిన, హువాన్ గ్రిస్ వంటివారు తమ దారిలో ముందుకు తీసుకెళ్లిన చిత్రణ పద్ధతి. బ్రాక్ తర్వాత ఆ రోజులను తలచుకుంటూ, తామిద్దరం ఒకే తాడుతో నడుములు కట్టుకుని కొండ ఎక్కేవాళ్లలా ఉండేవాళ్లమని అన్నాడు.

మూడో మాట దగ్గరే అసలు చిక్కు ఉంది. ఆబ్‌స్ట్రాక్ట్ అనే మాటకు మనం ‘నైరూప్యం’ అని వాడుతున్నాం. అది వినగానే రూపం లేనితనం అని ధ్వనిస్తుంది. నిజానికి ఆ మాట రెండు వేర్వేరు పనులకు వాడుకలో ఉంది. కళ్ల ముందున్న వస్తువు నుంచి కొన్ని గుణాలను మాత్రమే ఏరి తీసుకుని, మిగతావాటిని వదిలేయడం ఒక పని. బయటి వస్తువు దేనితోనూ సంబంధం లేకుండా గీతలు, రంగులతోనే చిత్రం కట్టడం రెండో పని. క్యూబిస్టు స్టిల్ లైఫ్ చేసింది మొదటిది. దాన్ని రెండోదిగా చూసినప్పుడే అది అర్థంలేని గీతల గుంపుగా తోస్తుంది.

బల్ల మీది వస్తువులే ఎందుకు

ఫ్రెంచివారు స్టిల్ లైఫ్‌ను ‘మృత ప్రకృతి’ అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు. 17వ శతాబ్దంలో నెదర్లాండ్స్‌లో ఈ ప్రక్రియ గొప్పగా వికసించినా, అదే శతాబ్దంలో ఫ్రెంచి రాజ అకాడమీ పెద్దలు చిత్రాలకు తరతమ శ్రేణులు నిర్ణయించినప్పుడు పురాణ, చారిత్రక ఘట్టాలకు పై మెట్టు, స్టిల్ లైఫ్‌కు అట్టడుగు మెట్టు దక్కాయి. అందులో కథ లేదు, వీరుడు లేడు, నీతి లేదన్నది దాని మీద ఉన్న ఫిర్యాదు.

క్యూబిస్టులకు సరిగ్గా అదే కలిసివచ్చింది. రాముడి పట్టాభిషేకం బొమ్మలో రాముడి ముఖాన్ని నాలుగు ముక్కలు చేస్తే చూసేవారి మనసు ఆ కథ దగ్గరే, ఆ భక్తి దగ్గరే ఆగి బాధపడుతుంది. సీసాను నాలుగు ముక్కలు చేస్తే ఎవరికీ ఏమీ కాదు, చూపు నేరుగా చిత్రణ మీదికే వెళుతుంది. అందుకే పికాసో, బ్రాక్ తమ చుట్టూ చేతికందే దూరంలో ఉన్నవాటిని ఎంచుకున్నారు: కెఫే బల్ల మీది గ్లాసు, మద్యం సీసా, పొగాకు గొట్టం, పేకముక్కలు, దినపత్రిక, గదిలోని గిటారు, వయొలిన్, మాండొలిన్. వీటిని పారిస్‌లో ఎవరైనా చీకట్లో తడిమి కూడా గుర్తుపట్టగలరు. ఇంత పరిచయమైన వస్తువు కాబట్టే, అందులో ఎంత తీసేసినా ఇంకా అది అదేనని తెలుస్తుందా అనే పరీక్షకు నిలబడింది.

వాయిద్యాల పట్ల బ్రాక్‌కు మరో మమకారం ఉంది. వాటిని సేకరించేవాడు, వాయించేవాడు. ముట్టుకుంటే ప్రాణం పోసుకునే వస్తువు వాయిద్యమని ఆయన భావన. ఈ స్పర్శ అన్న సంగతి ముందు ముందు చాలా ముఖ్యమవుతుంది.

ఒక గ్లాసు, దాని గురించి మనకు తెలిసినదంతా

15వ శతాబ్దపు ఫ్లోరెన్స్‌లో బ్రూనెలెస్కీ ప్రయోగాలతో, 1435 నాటి అల్బెర్తి గ్రంథంతో స్థిరపడిన పర్‌స్పెక్టివ్ పద్ధతి ఐరోపా చిత్రకళను దాదాపు ఐదు వందల ఏళ్లు నడిపించింది. చూసేవాడు ఒకచోట కదలకుండా నిలబడి, ఒంటికన్నుతో కిటికీలోంచి చూస్తున్నట్టు చిత్రాన్ని కట్టడం దాని మూలసూత్రం. దగ్గరివి పెద్దవిగా, దూరంవి చిన్నవిగా, వెనక్కి పోయే సమాంతర రేఖలన్నీ ఒక బిందువు దగ్గర కలిసేలా గీస్తారు.

ఈ పద్ధతి ఏమి ఇస్తుందో, ఏమి వదిలేస్తుందో చూడడానికి ఎదురుగా ఒక గాజు గ్లాసు ఉందనుకుందాం. కూర్చున్న చోటు నుంచి దాని మూతి గుండ్రంగా కనిపించదు, అటూ ఇటూ నొక్కినట్టు కోలగా కనిపిస్తుంది. కానీ అది గుండ్రమని మనకు తెలుసు. తాగేటప్పుడు పెదవికి తెలుసు, కడిగేటప్పుడు వేలికి తెలుసు. అడుగు చదునుగా ఉందని, బల్ల మీద పెట్టినప్పుడు అయిన చప్పుడు చెబుతుంది. అవతలి వైపు కూడా ఇవతలి వైపులాగే వంపు తిరిగి ఉందని చుట్టూ పట్టుకున్న అరచేతికి తెలుసు. పర్‌స్పెక్టివ్ ఈ జ్ఞానాన్నంతా పక్కకు నెట్టి, ఒక క్షణంలో ఒక కంటికి కనిపించినంత వరకే కాన్వాస్ మీదికి రానిస్తుంది. పికాసో 1910 తర్వాత వేసిన చాలా గ్లాసులలో మూతి పైనుంచి చూసినట్టు నిండు వృత్తంగా, నడుము పక్కనుంచి చూసిన అంచురేఖగా, అడుగు సూటి గీతగా ఒకదాని పక్కన ఒకటి చేరతాయి. ఆ వృత్తం ఏ కూర్చున్న మనిషికీ కనిపించదు, అయినా గ్లాసు విషయంలో అది అబద్ధం కాదు.

ఈ తలుపును మొదట కొంచెం తెరిచినవాడు పాల్ సెజాన్ అనే ఫ్రెంచి చిత్రకారుడు. షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్న ఆయన ‘ఆపిల్ పళ్ల బుట్ట’లో గుడ్డకు ఎడమవైపున్న బల్ల అంచూ కుడివైపున్న బల్ల అంచూ ఒకే వరుసలో కలవవు. సీసా పక్కకు ఒరిగి ఉంటుంది. చూస్తున్నప్పుడు మనిషి తల కదులుతుంది, చూపు మారుతుంది అన్న నిజం ఆ బల్ల అంచు తప్పిపోవడంలో ఉంది. ప్రకృతిని స్తూపం (సిలిండరు), గోళం, శంకువుల ద్వారా చూడమని సెజాన్ 1904లో యువ చిత్రకారుడు ఎమిల్ బెర్నార్‌కు రాశాడు. 1906లో ఆయన మరణించాక, మరుసటి ఏడాది పారిస్‌లో జరిగిన స్మారక ప్రదర్శన యువతరాన్ని కుదిపేసింది. 1908లో బ్రాక్, సెజాన్ వేసిన లెస్టాక్ అనే సముద్రతీర గ్రామానికే వెళ్లి అక్కడి ఇళ్లను దిమ్మల్లా వేశాడు. ఆ ఏడాది నవంబరులో దానియల్ హెన్రీ కాన్‌వైలర్ అనే యువ వర్తకుడు తన చిన్న గ్యాలరీలో వాటిని ప్రదర్శించినప్పుడు, విమర్శకుడు లూయి వోసెల్ బ్రాక్ అన్నిటినీ ఘనాలుగా మార్చేస్తున్నాడని రాశాడు. క్యూబిజం అనే పేరు ఆ వ్యాఖ్య నుంచే వచ్చింది. వేసినవారు పెట్టుకున్నది కాదు, చూసినవారు అంటగట్టినది. తర్వాతి చిత్రాలలో వెతికితే ఘనాలు పెద్దగా దొరకవు కూడా.

ముక్కలు చేయడంలో ఏం జరుగుతుంది

మళ్లీ 1909 వయొలిన్ దగ్గరికి వద్దాం. దాన్ని జాగ్రత్తగా చూస్తే, విరగ్గొట్టడం కంటే లోతైన మార్పులు అందులో కనిపిస్తాయి.

వస్తువు ఉపరితలం చిన్న చిన్న తలాలుగా విడిపోయింది. ఒక్కో తలం కొద్దిగా వేరే కోణంలో తిరిగి ఉంది. సంప్రదాయ చిత్రంలో వెలుగు ఒక దిక్కు నుంచి వస్తుంది, నీడలన్నీ దానికి ఎదురు దిక్కున పడతాయి. ఇక్కడ ప్రతి తలానికీ దాని వెలుగు దానిదే. ఒక అంచున తెల్లబడి మరో అంచున నల్లబడుతుంది, పక్క తలం అందుకు విరుద్ధంగా చేస్తుంది. దానివల్ల ఉబ్బెత్తు, పల్లం అనే భావన పుడుతుంది కానీ ఏది ముందుందో ఏది వెనకుందో తేల్చుకోలేం.

ఇంకో మార్పు వస్తువు అంచులో ఉంది. చిన్నప్పుడు బొమ్మ గీయడం నేర్పేవారు మొదట బయటి గీత తెగకుండా గీయమంటారు. ఆ గీత లోపల వస్తువు, బయట ఖాళీ. బ్రాక్ ఆ గీతను అక్కడక్కడ తెంచాడు. తెగినచోట వయొలిన్ చెక్క నేపథ్యంలోకి జారిపోతుంది, నేపథ్యం వయొలిన్‌లోకి చొరబడుతుంది. ఈ పని కూడా సెజాన్ దగ్గర నేర్చినదే. దాని ఫలితం మాత్రం కొత్తది: వస్తువుకూ దాని చుట్టూ ఉన్న గాలికీ ఒకే బరువు, ఒకే గట్టిదనం వచ్చాయి. వస్తువుల మధ్య ఉన్న జాగా కూడా చేత్తో తడమదగ్గ పదార్థమైంది. పర్‌స్పెక్టివ్ వస్తువులను చూసేవాడి నుంచి దూరంగా లోపలికి తోసేస్తుందని, చిత్రకళ చేయాల్సింది వాటిని చేతికందేంత దగ్గరకు తేవడమని బ్రాక్ తర్వాతి కాలంలో వివరించాడు. తన చిత్రాలలో వస్తువు ముక్కలు కావడం ఆ వస్తువుకు మరింత దగ్గరయ్యే మార్గమని కూడా అన్నాడు. ఇది నాకు చాలా నమ్మదగిన వివరణగా తోస్తుంది. పైన చెప్పిన గ్లాసు విషయంలో అరచేతికి తెలిసినదాన్ని కంటికి చెప్పే ప్రయత్నమే ఇది.

రంగు వెనక్కి తగ్గడం కూడా ఇందులో భాగమే. 1910, 1911 నాటి చిత్రాలు మట్టిరంగులు, బూడిదరంగులతోనే నిండి ఉంటాయి. నిమ్మకాయ పచ్చగా, ద్రాక్ష ఊదాగా మెరుస్తూ ఉంటే కన్ను ఆ రంగును పట్టుకుని వస్తువును వెంటనే గుర్తుపట్టి అక్కడితో ఆగిపోతుంది, తలాల మధ్య జరిగే ఇచ్చిపుచ్చుకోళ్లను పట్టించుకోదు.

‘అన్ని వైపుల నుంచీ ఒకేసారి’ అనే మాట ఎంతవరకు నిజం

క్యూబిజం గురించి ఎక్కువగా వినిపించే నిర్వచనం ఇదే: వస్తువును అన్ని వైపుల నుంచీ చూసి, ఆ రూపాలన్నిటినీ ఒకే చిత్రంలో చూపడం. ఈ వివరణ బయటివారు అల్లినది కాదు. క్యూబిస్టు చిత్రకారులే అయిన జాన్ మెట్సింజే, ఆల్బెర్ గ్లేజ్ 1912లో ప్రచురించిన ‘క్యూబిజం గురించి’ అనే పుస్తకంలో, వస్తువు చుట్టూ తిరుగుతూ దాని వేర్వేరు రూపాలను పట్టుకోవడం గురించి రాశారు. గ్లాసు మూతి వృత్తం విషయంలో ఇది చక్కగా సరిపోతుంది.

అయితే ఇది సగం నిజం. బహుళ కోణాలే క్యూబిజం అయితే అది 20వ శతాబ్దపు ఆవిష్కరణ కానే కాదు. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న, క్రీస్తుపూర్వం 1350 ప్రాంతపు ఈజిప్టు చిత్రంలో నెబామున్ అనే అధికారి తోటలోని కొలను పైనుంచి చూసినట్టు దీర్ఘచతురస్రంగా ఉంటుంది, అందులోని చేపలూ బాతులూ, చుట్టూ ఉన్న చెట్లూ పక్కనుంచి చూసినట్టు ఉంటాయి. మన సూక్ష్మచిత్రాలలోనూ తివాచీ పైనుంచి, దాని మీద కూర్చున్న మనిషి పక్కనుంచి కనిపిస్తారు. ఈ చిత్రాలలో కోణాలు ఎన్ని మారినా ఏ వస్తువుకా వస్తువు చెక్కుచెదరకుండా, గీత తెగకుండా ఉంది. బ్రాక్ వయొలిన్‌లో కొత్తది కోణాల సంఖ్య కాదు, తెగిన గీత.

పైగా 1911 నాటి చిత్రాలలో నిజంగా ఎన్ని కోణాలున్నాయో ఎవరూ లెక్కించలేరు. అందులోని తలాలు చాలావరకు ఫలానా వస్తువు ఫలానా వైపు అని చెప్పడానికి వీలులేనివి. వాటన్నిటినీ తిరిగి అతికిస్తే అసలు వయొలిన్ వస్తుందనుకోవడం పొరపాటు.

ఈ వివరణకే మరో కొస ఉంది, గణితం వైపు లాగేది. ఆ రోజుల్లో పారిస్‌లో నాలుగో పరిమాణం గురించి జోరుగా చర్చ జరిగేది. పికాసో మిత్రబృందంలో మోరిస్ ప్రాన్సే అనే గణితం తెలిసిన వ్యక్తి ఉండేవాడు. దీన్ని పట్టుకుని క్యూబిజాన్ని ఐన్‌స్టైన్ సాపేక్షతా సిద్ధాంతంతో జతచేసిన రచనలు చాలా వచ్చాయి. కళాచరిత్రకారిణి లిండా డాల్రింపుల్ హెండర్సన్ 1983లో వెలువరించిన పరిశోధన ఈ జోడింపును గట్టిగా ప్రశ్నించింది. ఆనాటి చిత్రకారులు మాట్లాడుకున్నది కాలాన్ని నాలుగో పరిమాణంగా తీసుకునే భౌతికశాస్త్రం కాదని, కంటికి కనిపించని మరో దిశను ఊహించే జ్యామితి అని, ఐన్‌స్టైన్ పేరు అప్పటికి వారికి చేరలేదని ఆమె చూపించారు. విజ్ఞానశాస్త్ర చరిత్రకారుడు ఆర్థర్ మిల్లర్ మరో మాట అంటారు: ఐన్‌స్టైన్, పికాసోల మధ్య నేరుగా సంబంధం లేకున్నా, ఇద్దరికీ ఫ్రెంచి గణితవేత్త ప్వాంకరే ఆలోచనలు వేర్వేరు దారుల్లో అందాయని. పికాసో మాత్రం 1923లో, గణితం, త్రికోణమితి, మనోవిశ్లేషణ వంటివాటితో క్యూబిజాన్ని ముడిపెట్టడం వట్టి కల్పన అని కొట్టిపారేశాడు. చిత్రకారుడు తన పని గురించి చెప్పినదే చివరిమాట కానక్కర్లేదు గానీ, బల్ల మీది గ్లాసును వివరించడానికి సాపేక్షతా సిద్ధాంతం అవసరం పడదన్నది నిజం.

వస్తువు దాదాపు మాయమైన ఏడాది

1911 వేసవిలో పికాసో, బ్రాక్ దక్షిణ ఫ్రాన్స్‌లోని సెరే అనే ఊళ్లో పక్కపక్కనే పనిచేశారు. ఆనాటి వారి చిత్రాలలో ఏది ఎవరిదో పోల్చుకోవడం నిపుణులకూ కష్టమే. ఆ దశలో ఇద్దరూ కాన్వాస్ ముందువైపు సంతకం చేయడం కూడా చాలావరకు మానేశారు. వస్తువు ఎంతగా కరిగిపోయిందంటే, ఇంకొక్క అడుగు వేస్తే చిత్రంలో వస్తువే మిగలదన్న అంచుకు చేరారు.

ఆ అడుగు వారు వేయలేదు. బదులుగా, చిన్న చిన్న ఆనవాళ్లు వదలడం మొదలుపెట్టారు. వయొలిన్ పొట్ట మీద ధ్వని బయటికి రావడానికి ఉండే, ఇంగ్లీషు ‘ఎఫ్’ అక్షరం ఆకారపు రెండు రంధ్రాలు. గిటారు తంతుల నాలుగైదు గీతలు. పొగాకు గొట్టం కొస. పేకముక్క మీది గుర్తు. అక్షరాలు కూడా వచ్చాయి. బ్రాక్ తండ్రి, తాత ఇళ్లకు రంగులు వేసే పనివారు. బ్రాక్ కూడా ఆ వృత్తిలోనే శిక్షణ పొందాడు. దుకాణాల మీద పేర్లు వేసే అచ్చురేకులతో 1911లో ఆయన తన కాన్వాస్ మీద అక్షరాలు వేశాడు. అక్షరానికి లోతు ఉండదు, నీడ ఉండదు. తలాలన్నీ ముందుకో వెనక్కో ఊగుతున్న చిత్రంలో అక్షరం మాత్రం కాన్వాస్ ఉపరితలం ఇక్కడే ఉందని స్థిరంగా చూపుతుంది.

ఈ ఆనవాళ్లు ఎలా పనిచేస్తాయో బాగా వివరించినవాడు వర్తకుడు కాన్‌వైలర్. చిత్రం కొన్ని నిజమైన వివరాలను మాత్రమే ఇస్తుంది, అవి చూసేవారి జ్ఞాపకంలోని వస్తువును లేపుతాయి, ఆ జ్ఞాపకమూ కాన్వాస్ మీది ఆకృతుల కట్టడమూ చూసేవారి మనసులో కలిసి పూర్తి వస్తువు అవుతుందని 1920లో వచ్చిన తన పుస్తకంలో రాశాడు. అందుకే క్యూబిస్టు చిత్రాలకు ‘సీసా, గ్లాసు’ లాంటి సూటి పేర్లు పెట్టడం మంచిదని కూడా సలహా ఇచ్చాడు. పేరు ఇక్కడ అలంకారం కాదు, చూపుకు దొరికే మొదటి పట్టు. తెలుగులో పొడుపుకథ విప్పేవారికి ఈ అనుభవం కొత్త కాదు: జవాబు తెలిశాక ఒక్కో ఆనవాలూ దాని చోట కుదురుకుంటుంది. తేడా ఏమిటంటే పొడుపుకథ విడిపోయాక దానితో పని ఉండదు. ఈ చిత్రంలో వయొలిన్ దొరికాక కూడా అది పక్క తలంలోకి మళ్లీ మళ్లీ జారిపోతూనే ఉంటుంది.

1912: బల్ల మీదికి అసలు వస్తువే వచ్చింది

ఆ ఏడాది మే నెలలో పికాసో ‘పేము కుర్చీతో స్టిల్ లైఫ్’ వేశాడు. పారిస్‌లోని పికాసో మ్యూజియంలో ఉన్న ఆ కోలాకారపు చిత్రం వెడల్పు 37 సెంటీమీటర్లే. అందులో గ్లాసు, కత్తి, నిమ్మకాయ ముక్క, పొగాకు గొట్టం, దినపత్రిక ఉన్నాయి. పత్రికను సూచించడానికి ఫ్రెంచిలో ఆ మాటకున్న మొదటి మూడు అక్షరాలు, జె, ఓ, యు, మాత్రమే ఉన్నాయి. ఆ మూడు అక్షరాలతోనే ‘ఆడుకోవడం’ అనే అర్థం వచ్చే ఫ్రెంచి క్రియ కూడా మొదలవుతుంది. కింద పేము అల్లిక కనిపిస్తుంది. అది గీసినది కాదు, పేము కూడా కాదు. పేము అల్లిక అచ్చువేసిన ఆయిల్‌క్లాత్ ముక్కను తెచ్చి అతికించాడు. చుట్టూ చట్రం బదులు నిజమైన తాడు చుట్టాడు. చేత్తో వేసినదంతా ముక్కలై పోల్చుకోలేకుండా ఉంటే, చిత్రంలో అన్నిటికంటే నిజంగా కనిపించేది యంత్రం అచ్చువేసిన నకలు. అచ్చం వస్తువులా కనిపించడమే నిజానికి ప్రమాణం కాదని ఇంతకంటే సూటిగా ఎవరూ చూపలేదని నా అభిప్రాయం.

సెప్టెంబరులో బ్రాక్ వంతు వచ్చింది. ఆవిన్యోఁ నగరంలోని ఒక దుకాణంలో చెక్కమీది ఈనెలను అనుకరిస్తూ అచ్చువేసిన గోడకాగితం ఆయన కంటపడింది. మూడు ముక్కలు కత్తిరించి బొగ్గుగీతల మధ్య అతికించి ‘పళ్లపళ్లెం, గ్లాసు’ తయారుచేశాడు. పైన ఉన్న ముక్కలు కెఫే గోడకున్న చెక్కపలకలు, కింద ఉన్న ముక్క బల్ల సొరుగు. కాగితం ఒకటే, చోటు మారితే వస్తువు మారింది. ఇక్కడే దారి మలుపు తిరిగింది. అంతవరకు వస్తువును విడదీస్తూ పోయిన పనిని విశ్లేషణాత్మక క్యూబిజమని, ఇకమీద వేర్వేరు ముక్కలను చేర్చి వస్తువును నిర్మించే పనిని సంశ్లేషణాత్మక క్యూబిజమని తర్వాతివారు పేర్లు పెట్టారు. పేర్లు సౌకర్యం కోసమే. 1909 వయొలిన్‌లోనూ నిర్మాణం ఉంది, 1912 కాగితాలలోనూ విడదీయడం ఉంది.

పికాసో ఈ పద్ధతిని వెంటనే అందుకుని ఎంతదూరం తీసుకెళ్లాడో పారిస్‌లోని పాంపిదూ సెంటర్‌లో ఉన్న 1912 నాటి ‘వయొలిన్’ చెబుతుంది. ఒకే దినపత్రిక కాగితాన్ని రెండుగా కత్తిరించాడు. ఒక ముక్క వయొలిన్ చెక్క అయింది, అక్షరాల వరుసలే చెక్క మీది ఈనెలయ్యాయి. రెండో ముక్కను తిరగేసి పైన అతికిస్తే అది వయొలిన్ వెనకున్న వెలుగు, గాలి అయింది. గట్టి వస్తువుకూ ఖాళీకీ ఒకటే పదార్థం. రెండు రంధ్రాలలో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఆ తేడా ఒక్కటే వయొలిన్ పక్కకు తిరిగి ఉందని, దానికి లోతు ఉందని చెబుతుంది. కాగితంలో ఎక్కడా లోతు లేదు. ఈ చిత్రాన్ని లోతుగా చదివిన కళావిమర్శకురాలు రోజలిండ్ క్రౌస్, ఇక్కడ బొమ్మ పోలికతో కాక భాషలోని మాటలా పనిచేస్తోందని వాదించారు. మాటకు అర్థం పక్కమాటలతో ఉన్న తేడా వల్ల వచ్చినట్టే, ఈ ముక్కకు అర్థం పక్కముక్కతో ఉన్న తేడా వల్ల వస్తుందని ఆమె వాదన.

దీనికి బలమైన ప్రతివాదం ఉంది. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ఉన్న ‘గ్లాసు, సూజ్ సీసా’ కూడా 1912దే. ఒక నీలి కాగితపు కోలాకారం బల్ల, దాని మీద సూజ్ అనే మద్యం సీసా, చుట్టూ పత్రిక ముక్కలు. ఆ ముక్కలు 1912 నవంబరు 18 నాటి ‘లె జర్నల్’ పత్రికవి. వాటిలో బాల్కన్ యుద్ధం వార్తలు, పారిస్ శివారులో జరిగిన యుద్ధవ్యతిరేక సభ వార్త ఉన్నాయి. కళాచరిత్రకారిణి పాట్రీషియా లైటన్ 1980లలో ఈ వార్తలను చదివి, ఇవి యాదృచ్ఛికం కావని, బార్సిలోనా అరాచకవాదుల మధ్య పెరిగిన పికాసో యుద్ధం పట్ల తన ఆందోళనను కెఫే బల్ల మీదికి తెచ్చాడని వాదించారు. దినపత్రిక ఎవరి చేతిలో ఉన్నా అందులో వార్త ఉంటుంది కదా, ఆ ఏడాది చివర ఏ పత్రిక కత్తిరించినా యుద్ధమే కనిపించేది కదా అన్నది క్రౌస్ వైపువారి సమాధానం. కొన్ని ముక్కలను పికాసో తలకిందులుగా అతికించడం రెండు వాదాలకూ పనికొస్తుంది. చదవాలని పెట్టలేదనీ అనవచ్చు, తలకిందులైన లోకమనీ అనవచ్చు. నాకు మాత్రం ఈ రెండింటిలో ఒకటే ఎంచుకోవాల్సిన అవసరం కనిపించదు. కెఫేలో గ్లాసు పక్కన పత్రిక పెట్టుకున్న మనిషి కూడా దాన్ని ఒక క్షణం చదువుతాడు, మరుక్షణం అది బల్ల మీది బూడిదరంగు మరక మాత్రమే.

సిలిండరు నుంచి సీసాకు: గ్రిస్ ఎదురుదారి

మాడ్రిడ్ నుంచి 1906లో పారిస్ వచ్చిన హువాన్ గ్రిస్, పికాసో ఉన్న భవనంలోనే ఉండేవాడు. పికాసో, బ్రాక్ వస్తువు నుంచి బయలుదేరి ఆకృతి వైపు వెళితే, తాను ఆకృతి నుంచి బయలుదేరి వస్తువు వైపు వస్తానని ఆయన 1921లో ప్రకటించాడు. సెజాన్ సీసాను సిలిండరుగా చేస్తాడు, నేను సిలిండరును ఒక ప్రత్యేకమైన సీసాగా చేస్తాను అన్నది ఆయన మాట. మెట్రొపాలిటన్ మ్యూజియంలో ఉన్న 1915 నాటి ‘గళ్ల గుడ్డతో స్టిల్ లైఫ్’లో ఈ దారి ఫలితం కనిపిస్తుంది. గ్లాసులు, సీసా, ద్రాక్షపళ్లు, గళ్ల గుడ్డ అన్నీ విడివిడిగా స్పష్టంగానే ఉన్నాయి, వెనక్కి జరిగి చూస్తే అవన్నీ కలిసి ఒక ఎద్దు తల అవుతాయి. అంతకుముందు 1912లో ముఖం కడుక్కునే బల్లను వేసినప్పుడు, అద్దం ఉండాల్సిన చోట నిజమైన అద్దపు ముక్కలనే అతికించాడు. చూసేవాడి ముఖాన్ని తిరిగి చూపే వస్తువును రంగుతో అనుకరించడం కుదరదన్నది ఆయన కారణం.

అంచు దగ్గర: ఒక అల్లం జాడీ

క్యూబిస్టు స్టిల్ లైఫ్‌ను పూర్తి నైరూప్య కళకు తొలిమెట్టుగా చెప్పడం చాలాకాలంగా ఉన్న అలవాటు. 1936లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో ఆల్ఫ్రెడ్ బార్ ఏర్పాటుచేసిన పెద్ద ప్రదర్శన ఆ వంశవృక్షాన్ని స్థిరపరిచింది. చరిత్రగా అందులో తప్పులేదు. అయితే ఆ దారిని తెరిచినవారే దానిలో నడవలేదు. నైరూప్య కళ అనేదే లేదని, ఎప్పుడూ ఏదో ఒక వస్తువుతోనే మొదలుపెట్టాలని, తర్వాత దాని ఆనవాళ్లు తీసేయవచ్చని పికాసో 1935లో అన్నాడు. 1914లో ఆయన కంచుతో పోతపోసిన ఆరు ‘ఆబ్సింత్ గ్లాసు’ (ఆబ్సింత్ ఒక మద్యం) శిల్పాలలో గ్లాసు గోడ చీలి లోపలి భాగం బయటపడుతుంది, కానీ పైన చక్కెర ముక్క కింద ఉన్న చిల్లుల చెంచా దుకాణంలో కొన్న నిజమైన చెంచా. 1909 నాటి మేకు మళ్లీ వచ్చినట్టే. 1914 ఆగస్టులో బ్రాక్ యుద్ధానికి వెళ్లాడు. మరుసటి ఏడాది తలకు తగిలిన తీవ్ర గాయం నుంచి కోలుకుని 1917లో మళ్లీ కుంచె పట్టాక, జీవితాంతం గిటారు, కూజా, పళ్లపళ్లెం ఉన్న బల్లలనే వేస్తూ వచ్చాడు.

ఆ అడుగు వేసినవాడు డచ్ చిత్రకారుడు పీట్ మోండ్రియన్. పారిస్ క్యూబిజాన్ని చూసిన ఊపులో 1911, 1912 మధ్య ఆయన ఒకే విషయాన్ని రెండుసార్లు వేశాడు: బల్ల మీద ఒక అల్లం జాడీ. మొదటి చిత్రంలో జాడీతో పాటు దాని చుట్టూ ఉన్న గుడ్డ, కత్తి వంటివన్నీ పోల్చుకోవచ్చు. రెండోదానిలో చుట్టూ ఉన్నవన్నీ అడ్డగీతలు, నిలువుగీతలు, తెగిన వంపులుగా మారిపోయాయి. 1913 నాటికి ఆయన చిత్రాల పేర్లలో వస్తువు కూడా పోయి ‘తాబ్లో’, ‘కంపొజిషన్’, వాటి పక్కన ఒక సంఖ్య మిగిలాయి. కాన్‌వైలర్ చెప్పిన మొదటి పట్టు ఇక చూసేవారికి దొరకదు. ఆ రెండో చిత్రంలో మాత్రం ఇంకా పేరు ఉంది, గీతల మధ్యలో జాడీ గుండ్రటి పొట్ట ఇంకా కనిపిస్తూనే ఉంది.